ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ ఒక కాలేజీలో, చదవాలన్న కోరిక మరో కాలేజీలో: ఎప్పుడు మార్చుకోవాలి, ఎప్పుడు ఉన్నచోటే ఉండాలి

అమెరికాలో పన్నెండో తరగతి చదివే పిల్లలకు ఆర్‌ఓటీసీ (రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్, కాలేజీలో చదువుతూనే సైనిక అధికారిగా శిక్షణ పొందే పథకం) స్కాలర్‌షిప్ ఫలితాలు శీతాకాలం నుంచే రావడం మొదలవుతాయి. పేరున్న కాలేజీల అడ్మిషన్ నిర్ణయాలు మాత్రం చాలావరకు మార్చి నెలాఖరుకు గాని తెలియవు. ఈ ఎడం వల్ల ప్రతి వసంతంలోనూ కొన్ని ఇళ్లలో ఒకే సందిగ్ధం తలెత్తుతుంది. సైన్యం ఫీజు కడతానన్న కాలేజీ ఒకటి, పిల్లలు చేరాలని కోరుకునే కాలేజీ మరొకటి అవుతాయి. మే 1 నాటికి ఏదో ఒక సీటు ఖాయం చేసుకోక తప్పదు. టెక్సాస్, న్యూజెర్సీ, జార్జియా, కాలిఫోర్నియాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ దారిలోకి వస్తున్నారు. సైన్యంతో ముందు పరిచయం లేని తల్లిదండ్రులకు ఈ నిబంధనలు కొత్తగా ఉంటాయి కనుక, ఉన్న మార్గాలను పక్కపక్కన పెట్టి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక నేపథ్యం అవసరం. మన దేశంలో ఇంటర్ తర్వాత సైనిక అధికారి కావాలనుకున్న విద్యార్థి ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి (ఎన్‌డీఏకి) వెళ్తాడు. అక్కడ చదువు, శిక్షణ, వసతి అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. 1916 నాటి చట్టంతో ఏర్పడిన అమెరికా ఆర్‌ఓటీసీ అలాంటిది కాదు. విద్యార్థి మామూలు యూనివర్సిటీలో మామూలు డిగ్రీ చదువుతూనే వారంలో కొన్ని ఉదయాలు వ్యాయామానికి, కొన్ని గంటలు సైనిక తరగతులకు, వేసవిలో శిబిరాలకు వెళ్తాడు. డిగ్రీ పూర్తయిన రోజునో, ఆ దగ్గరలోనో సెకండ్ లెఫ్టినెంట్‌గా లేదా నౌకాదళంలో ఎన్‌సైన్‌గా కమిషన్ (అధికారిగా నియామకం) పొందుతాడు. స్కాలర్‌షిప్ పొందాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్‌కార్డు మీద ఉన్న పిల్లలకు, హెచ్-4 మీద ఉన్న పిల్లలకు అర్హత లేదు.

ఈ స్కాలర్‌షిప్ విద్యార్థి చేతికి ఇచ్చిన సొమ్ము కాదు. ఒక సైనిక దళం, ఒక విద్యార్థి, ఒక కాలేజీ, ఒక డిగ్రీ అనే నాలుగింటి మధ్య కుదిరిన ఏర్పాటు. అందులో ఒకటి మారితే మిగిలినవాటిని మళ్లీ కుదుర్చుకోవాలి, దానికి దళం అనుమతి కావాలి. అనుమతి దొరకడం అరుదేమీ కాదు గాని, అది హక్కు కాదు. అందుకే ఏ కాలేజీ గొప్పది అన్న ప్రశ్నకంటే ముందు, ఏ కాలేజీలో ఈ డిగ్రీ నిర్ణీత కాలంలో పూర్తవుతుంది, అక్కడి ఆర్‌ఓటీసీ శిక్షణ యూనిట్‌లో చోటు ఉందా అన్న ప్రశ్నలు అడగాలన్నది నా గట్టి అభిప్రాయం.

మూడు దళాలు, మూడు స్వభావాలు

వాయుసేన స్కాలర్‌షిప్ కాలేజీ కంటే ఎక్కువగా మేజర్‌తో (డిగ్రీలో ప్రధానంగా చదివే విషయంతో) ముడిపడి ఉంటుంది. టైప్ 1 అయితే పబ్లిక్, ప్రైవేటు తేడా లేకుండా పూర్తి ట్యూషన్‌కు వర్తిస్తుంది. టైప్ 2 ఏడాదికి 18,000 డాలర్ల వరకు ఇస్తుంది. టైప్ 7 పబ్లిక్ యూనివర్సిటీలో, సొంత రాష్ట్రవాసులకు ఉండే ఫీజు వర్తించే చోట మాత్రమే చెల్లుతుంది. మొదటి రెండింటిలో, వాయుసేన యూనిట్ ఉన్న కాలేజీని గాని దానికి అనుబంధంగా ఉన్న కాలేజీని గాని ఎంచుకునే స్వేచ్ఛ బాగానే ఉంటుంది. అంతరిక్ష దళానికి వెళ్లే అధికారులు కూడా ఈ మార్గంలోనే తయారవుతారు కాబట్టి సాంకేతిక డిగ్రీలకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. స్కాలర్‌షిప్ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌కు వచ్చి, కొత్త కాలేజీ ఆ విభాగంలో కాకుండా ఎకనామిక్స్‌లో సీటు ఇస్తే, కాలేజీ మార్పు కంటే ఆ మేజర్ మార్పే పెద్ద అడ్డంకి అవుతుంది.

నౌకాదళం పద్ధతి ఇందుకు భిన్నం. దరఖాస్తులోనే విద్యార్థి ఐదు కాలేజీల పేర్లు వరుసగా రాస్తాడు. ఎంపికైతే వాటిలో ఒక యూనిట్‌కు కేటాయిస్తారు. ప్రతి యూనిట్‌లో ఏటా చేరే కొత్తవారి సంఖ్యకు పరిమితి ఉంటుంది కనుక, ఎక్కువమంది కోరుకునే కాలేజీల్లో చోటు త్వరగా నిండిపోతుంది. మేజర్లను మూడు అంచెలుగా విభజిస్తారు. నౌకాదళానికి ముఖ్యమైన ఇంజినీరింగ్ విభాగాలు మొదటి అంచెలో, ఇతర ఇంజినీరింగ్, గణిత, విజ్ఞానశాస్త్రాలు రెండో అంచెలో, మిగిలినవి మూడో అంచెలో ఉంటాయి. పై అంచెలోని మేజర్‌తో ఎంపికైన విద్యార్థి కింది అంచెకు మారాలంటే వేరుగా అనుమతి తీసుకోవాలి. మూడో అంచెలో చరిత్ర చదివేవారైనా నేవీ ఆప్షన్‌లో ఉంటే కాలిక్యులస్, కాలిక్యులస్ ఆధారిత భౌతికశాస్త్రం పూర్తి చేయాల్సిందే. మెరైన్ కోర్ అధికారులయ్యేందుకు మెరైన్ ఆప్షన్‌లో ఉన్నవారికి ఈ షరతు లేదు. కొత్త కాలేజీని చూసేటప్పుడు ఆ రెండు కోర్సులు అక్కడ ఏ సెమిస్టర్‌లో దొరుకుతాయో కనుక్కోవాలి.

ఆర్మీ స్కాలర్‌షిప్‌లను కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న కేడెట్ కమాండ్ నిర్వహిస్తుంది. అది ఏయే కాలేజీల్లో చెల్లుతుందో విద్యార్థికి వచ్చే ఉత్తరంలోనే ఉంటుంది. ఆ జాబితాలో లేని కాలేజీకి మార్చాలంటే మూడు విషయాలు కుదరాలి: కొత్త కాలేజీలో అడ్మిషన్ రావాలి, అక్కడి బెటాలియన్‌లో (ఆర్మీ ఆర్‌ఓటీసీ యూనిట్‌లో) స్కాలర్‌షిప్ చోటు ఉండాలి, కేడెట్ కమాండ్ ఒప్పుకోవాలి. ఇప్పటికే చదువుతున్న కేడెట్ అయితే, పాత బెటాలియన్ అధిపతి విడుదలకు, కొత్త అధిపతి స్వీకరించడానికి రాతపూర్వకంగా అంగీకరించాలి. ఈ అధిపతిని ప్రొఫెసర్ ఆఫ్ మిలిటరీ సైన్స్ అంటారు. సాధారణంగా లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఉంటారు. కొత్తగా చేరేవారి విషయాలు చూసేది మాత్రం రిక్రూటింగ్ ఆపరేషన్స్ ఆఫీసర్. మొదటి ఫోన్ ఆయనకో ఆమెకో చేయాలి. తక్కువ ఫీజు కాలేజీ నుంచి ఎక్కువ ఫీజు కాలేజీకి వెళ్లాలనుకున్నప్పుడు ప్రభుత్వంపై పడే అదనపు భారం కూడా నిర్ణయంలో లెక్కకు వస్తుందని గుర్తుంచుకోవాలి.

రెండు ఉదాహరణలు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న ఒక అమ్మాయికి మెకానికల్ ఇంజినీరింగ్ మీద నౌకాదళ స్కాలర్‌షిప్ టెక్సాస్ ఏ అండ్ ఎంలో వచ్చిందనీ, తరువాత యూటీ ఆస్టిన్‌లో అదే విభాగంలో సీటు వచ్చిందనీ అనుకుందాం. రెండూ పబ్లిక్ యూనివర్సిటీలే, రెండింటిలోనూ నౌకాదళ యూనిట్లు ఉన్నాయి, ఆమె టెక్సాస్ నివాసి కనుక ఫీజులోనూ పెద్ద తేడా ఉండదు. మేజర్ మారడం లేదు. ఇక్కడ మిగిలే ప్రశ్న ఆస్టిన్ యూనిట్‌లో చోటు ఉందా అన్నది మాత్రమే. కాబట్టి వెంటనే అభ్యర్థన పెట్టడం వివేకం, రాకపోతే ఏ అండ్ ఎంకే వెళ్లడం వల్ల కోల్పోయేదీ పెద్దగా లేదు. అయితే ఏ అండ్ ఎంలో ఆర్‌ఓటీసీ విద్యార్థులు అక్కడి కోర్ ఆఫ్ కేడెట్స్‌లో భాగంగా యూనిఫారంలో, కలిసి నివసిస్తూ చదువుతారు. దేశంలో ఇలాంటి ఆరు సీనియర్ మిలిటరీ కాలేజీల్లో అదొకటి. ఆస్టిన్‌లో మామూలు విద్యార్థి జీవితం ఉంటుంది. ఆ అమ్మాయి కోరుకునే జీవనవిధానం ఏదన్నది డబ్బు కంటే పెద్ద ప్రశ్న, దానికి జవాబు తల్లిదండ్రులు చెప్పేది కాదు.

న్యూజెర్సీలోని ఎడిసన్ కుర్రాడి పరిస్థితి వేరు. అతనికి వాయుసేన టైప్ 7 వచ్చింది, దానితో రట్గర్స్‌లో చదువుకోవచ్చు. ఈలోగా కార్నెల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. కార్నెల్‌లోనూ వాయుసేన యూనిట్ ఉంది గాని, అక్కడి ప్రైవేటు ఫీజుకు టైప్ 7 చెల్లదు. దాన్ని మూడేళ్ల టైప్ 2గా మార్చుకునే వీలుంది. అప్పుడు మొదటి ఏడాది ఖర్చంతా కుటుంబానిదే, తరువాత మూడేళ్లు 18,000 డాలర్ల చొప్పున వస్తుంది. కార్నెల్ ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60,000 డాలర్లు దాటుతుంది కనుక, స్కాలర్‌షిప్ అందులో మూడో వంతును కూడా మోయదు. కమిషన్ మాత్రం రెండు చోట్లా ఒకటే, హోదా ఒకటే, మొదటి నెల జీతమూ ఒకటే. సైన్యంలో మొదటి పోస్టింగు డిగ్రీ మీద ఉన్న కాలేజీ పేరును బట్టి రాదు. ఈ కుర్రాడు వాయుసేనలోనే కొనసాగాలని నిజంగా కోరుకుంటే రట్గర్స్‌లో ఉండటమే మేలని నేను చెబుతాను. బంధువుల మధ్య కార్నెల్ పేరుకు ఉండే గౌరవం కోసం కుటుంబం మీద పెద్ద అప్పు పెట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు.

చేరకముందు మార్చుకోవడమా, చేరాక మార్చుకోవడమా

అవకాశం ఉంటే చేరకముందే మార్చుకోవడం ఎప్పుడూ సులభం. అప్పటికి క్రెడిట్లు లేవు, గ్రేడ్లు లేవు, యూనిట్ ఆ విద్యార్థి మీద సమయం వెచ్చించి ఉండదు. డాడ్‌మర్బ్ అని పిలిచే రక్షణశాఖ వైద్య పరీక్షల మండలి ఇచ్చిన అర్హత కూడా కాలేజీతో నిమిత్తం లేకుండా విద్యార్థి వెంట వస్తుంది. అభ్యర్థన ఏప్రిల్‌లో పెడితే ఒక బలం ఉంటుంది. మే 1 దగ్గరపడేకొద్దీ కొందరు స్కాలర్‌షిప్ వదులుకుంటారు, కొందరు సైనిక అకాడమీలకు వెళ్తారు, వాళ్లు ఖాళీ చేసిన చోట్లు బయటికి వస్తాయి. అందువల్ల మార్చిలో లేదన్న యూనిట్ మే నెలలో ఉందనవచ్చు. మర్యాదగా మళ్లీ అడగడంలో తప్పు లేదు.

చేరిన తరువాత మార్చుకోవాలనుకుంటే మొదటి ఏడాది ముగింపు అనువైన ఘట్టం. నాలుగేళ్ల స్కాలర్‌షిప్ పొందినవారికి రెండో ఏడాది మొదలయ్యేవరకు సేవాబాధ్యత, అంటే సైన్యంలో నిర్ణీత కాలం పనిచేసి తీరాలన్న షరతు, అంటుకోదు. ఈ మార్గం తమకు సరిపడదని మొదటి ఏడాదిలోపు తేల్చుకుంటే, తీసుకున్న డబ్బు తిరిగి కట్టకుండానే వైదొలగవచ్చు. రెండో ఏడాది మొదటి రోజు దాటితే లెక్క మారుతుంది. ఆ తరువాత అనుమతి లేకుండా కాలేజీ మారినా, మధ్యలో మానేసినా, అప్పటిదాకా ఇచ్చిన సొమ్మును వసూలు చేయవచ్చు, లేదా అధికారిగా కాకుండా సైనికుడిగా పనిచేయమని ఆదేశించవచ్చు. మూడేళ్ల, రెండేళ్ల స్కాలర్‌షిప్‌లలో ఈ ఉచిత ఏడాది ఉండదు. కాంట్రాక్టు మీద సంతకం చేసిన రోజు నుంచే బాధ్యత మొదలవుతుంది. కాబట్టి చదువుతున్న కాలేజీ నచ్చకపోవడమా, సైనిక జీవితమే నచ్చకపోవడమా అన్నది ఆ మొదటి ఏడాదిలోనే నిజాయితీగా తేల్చుకోవాలి. రెండోది కారణమైతే కాలేజీ మార్పు దానికి మందు కాదు.

క్రెడిట్ల నష్టం గురించి చాలామంది తక్కువగా ఆలోచిస్తారు, నిజానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది. స్కాలర్‌షిప్ నిర్ణీత సంఖ్యలో సెమిస్టర్లకే వర్తిస్తుంది. ఒక కాలేజీలో చేసిన కోర్సులను మరో కాలేజీ అన్నిసార్లూ పూర్తిగా అంగీకరించదు. ముఖ్యంగా ఇంజినీరింగ్‌లో, ముందు చేసిన కోర్సు లెక్కలోకి రాకపోతే దాని మీద ఆధారపడిన తరువాతి కోర్సులన్నీ ఒక ఏడాది వెనక్కి జరుగుతాయి. ఒక సెమిస్టర్ ఆలస్యమైతే ఆ సెమిస్టర్ ఫీజు కుటుంబం మీద పడటంతో ఆగదు, కమిషన్ తేదీ జరుగుతుంది, తోటివారి కంటే సీనియారిటీ తగ్గుతుంది. అందుకే ప్రతి దళమూ డిగ్రీ ప్రణాళికను కాగితం మీద చూపమంటుంది. ఆర్మీలో అది 104-ఆర్ ఫారం, వాయుసేనలో ఫారం 48. కొత్త కాలేజీ సలహాదారుతో కూర్చుని, ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో పూర్తవుతుందో ఈ ఫారం మీద పాత పద్ధతిలో ఒక్కొక్కటిగా నింపి చూసిన తరువాతే బదిలీ గురించి ఆలోచించాలి. ఆ కాగితం నాలుగేళ్లలో ముగియకపోతే బదిలీ వద్దు.

రెండో ఏడాది, మూడో ఏడాది మధ్యలో మారడం ఇంకా కష్టం. వాయుసేనలో ఫీల్డ్ ట్రైనింగ్ అనే వేసవి శిబిరానికి ఎంపిక రెండో ఏడాది వసంతంలో జరుగుతుంది, అందులో యూనిట్ అధిపతి ఇచ్చే ర్యాంకుకు విలువ ఎక్కువ. అంతకు కొద్ది నెలల ముందు వచ్చి చేరిన విద్యార్థిని కొత్త అధిపతి ఎంతవరకు ఎరిగి ఉంటారు? ఆర్మీలో మూడో ఏడాది తరువాతి వేసవిలో ఫోర్ట్ నాక్స్‌లో అడ్వాన్స్‌డ్ క్యాంప్ ఉంటుంది. ఆ ఏడాదంతా బెటాలియన్‌లో చూపిన నాయకత్వమే దానికి సన్నాహం. కుటుంబంలో అనారోగ్యం వంటి తప్పనిసరి కారణం లేకుండా ఈ దశలో కదలవద్దని నా సలహా.

ఒకే యూనిట్ పరిధిలో మారడం

ఈ దారి గురించి తెలిసినవారు తక్కువ. ప్రతి కాలేజీలోనూ సొంత యూనిట్ ఉండదు. చుట్టుపక్కల కాలేజీల విద్యార్థులు ఒక ఆతిథ్య కాలేజీకి వచ్చి శిక్షణ పొందుతారు. దీన్నే క్రాస్‌టౌన్ అంటారు. హార్వర్డ్, టఫ్ట్స్ విద్యార్థులు ఆర్మీ శిక్షణకు ఎంఐటీలోని బెటాలియన్‌కు వెళ్తారు. స్టాన్‌ఫర్డ్‌లో చదివేవారు ఆర్మీ కోసం శాంటా క్లారా యూనివర్సిటీకి, వాయుసేన కోసం శాన్ హోసే స్టేట్‌కు, నౌకాదళం కోసం బర్క్‌లీకి వెళ్లాలి. ఒకే యూనిట్ కింద ఉన్న ఒక కాలేజీ నుంచి మరోదానికి మారితే, అధిపతి మారరు, తోటి కేడెట్లు మారరు, పాత రికార్డు అక్కడే ఉంటుంది. ఫీజు మారుతుంది కనుక పైనుంచి అనుమతి అప్పటికీ అవసరమే, కానీ విడుదల చేసేవారు, స్వీకరించేవారు ఒక్కరే కావడం వల్ల పని తేలికవుతుంది. స్టాన్‌ఫర్డ్ వంటి చోట ఉదయపు శిక్షణ కోసం చీకటితో లేచి మరో ఊరికి ప్రయాణించాల్సి వస్తుందన్న సంగతి మాత్రం ముందే ఆలోచించుకోవాలి; కంప్యూటర్ సైన్స్ పరీక్షల వారంలో ఆ ప్రయాణం భారంగా ఉంటుంది.

కాలేజీ మారితే వెంట రానివి

ఆర్మీ విద్యార్థి ట్యూషన్‌కు బదులుగా హాస్టల్, భోజనం ఖర్చును ఎంచుకోవచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో దానికి పరిమితి ఏడాదికి 12,000 డాలర్లు. పుస్తకాల డబ్బు, నెలవారీ భత్యం ఏ కాలేజీకి వెళ్లినా వస్తాయి. కానీ చాలా యూనివర్సిటీలు ఆర్‌ఓటీసీ విద్యార్థులను ఆకర్షించడానికి తమ సొంత నిధుల నుంచి హాస్టల్, భోజనం ఉచితంగా ఇస్తాయి. అది ఆ యూనివర్సిటీ ఇచ్చేది, సైన్యం ఇచ్చేది కాదు. కాలేజీ మారిన రోజున అది పోతుంది. పాత కాలేజీ ఇచ్చిన మెరిట్ స్కాలర్‌షిప్ కూడా అంతే. పైగా మధ్యలో బదిలీ అయి వచ్చేవారికి మెరిట్ సొమ్ము ఇచ్చే కాలేజీలు తక్కువ. కాబట్టి ట్యూషన్‌ను ట్యూషన్‌తో మాత్రమే పోల్చకుండా, చివరికి ఇంటి నుంచి వెళ్లే మొత్తాన్ని నాలుగేళ్లకూ లెక్కవేసి పోల్చాలి. నా లెక్కలో, పైకి సమానంగా కనిపించే రెండు కాలేజీల మధ్య అసలు తేడా చాలాసార్లు ఈ హాస్టల్ ఖర్చులోనే ఉంటుంది.

స్కాలర్‌షిప్ వదులుకుని వెళ్లడం

అనుమతి రాకపోయినా కోరుకున్న కాలేజీకే వెళ్లాలనుకుంటే దారులు మూసుకుపోవు. అక్కడ స్కాలర్‌షిప్ లేకుండానే ఆర్‌ఓటీసీలో చేరి, మొదటి ఏడాది పనితీరుతో మూడేళ్ల లేదా రెండేళ్ల స్కాలర్‌షిప్‌కు పోటీపడవచ్చు. ఆర్మీలో ఈ క్యాంపస్ స్కాలర్‌షిప్‌లకు పేర్లు ప్రతిపాదించడంలో బెటాలియన్ అధిపతి మాటకు బరువుంటుంది కనుక, బాగా రాణించే విద్యార్థికి ఇది నిజమైన అవకాశమే. అయితే రాకపోతే నాలుగేళ్ల ఫీజునూ భరించగలమా అన్న ప్రశ్నకు అవునన్న జవాబు ఉన్న కుటుంబమే ఈ దారి పట్టాలి. డిగ్రీ అయ్యాక ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్ ద్వారా, మెరైన్లలో అయితే వేసవి శిబిరాలతో నడిచే ప్లటూన్ లీడర్స్ క్లాస్ ద్వారా కూడా కమిషన్ పొందవచ్చు. అధికారి కావడమే లక్ష్యమైతే ఇవి గౌరవప్రదమైన మార్గాలు. ఫీజు కట్టించుకోవడం లక్ష్యమైతే కావు.

ఏ దారిలో వెళ్లినా కమిషన్ విషయంలో తెలుగు కుటుంబాలు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికి, పనిచేసి విరమించినవారికి భారత ప్రభుత్వం ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారు వీసా లేకుండా రావడానికి ఇచ్చే కార్డు) మంజూరు చేయదు. హైదరాబాదులోనో విజయవాడలోనో తాతయ్య, అమ్మమ్మల దగ్గరికి రాకపోకలకు వీసా తీసుకోవలసి వస్తుంది. ఇది నిర్ణయాన్ని మార్చేంత పెద్ద విషయం కాకపోవచ్చు గాని, పిల్లలకు చెప్పకుండా ఉంచవలసినది కాదు.

అభ్యర్థన ఎలా పెట్టాలి

విద్యార్థే మాట్లాడాలి. అధికారి కాబోయే పద్దెనిమిదేళ్ల వ్యక్తి తరఫున నాన్న ఫోన్ చేస్తే అక్కడివారు మర్యాదగా జవాబు చెబుతారు గాని, ఆ విద్యార్థి గురించి మంచి అభిప్రాయం కలగదు. ముందుగా కొత్త కాలేజీ యూనిట్‌కు ఫోన్ చేసి చోటు ఉందో లేదో కనుక్కోవాలి, తరువాత పాత యూనిట్‌కు విషయం దాచకుండా తెలియజేయాలి. ఈ వార్త పాత అధిపతికి మూడో మనిషి ద్వారా చేరడం ఎవరికీ మంచిది కాదు. రాతపూర్వక అభ్యర్థనలో కాలేజీ ప్రతిష్ఠ గురించి కాకుండా, అక్కడ తన మేజర్‌లో ఉన్న ప్రత్యేక విభాగం, డిగ్రీ పూర్తయ్యే తేదీ, కుటుంబ పరిస్థితి, దళానికి కలిగే ప్రయోజనం గురించి సూటిగా రాయాలి. అడ్మిషన్ పత్రం, నింపిన డిగ్రీ ప్రణాళిక, కొత్త యూనిట్ అంగీకార పత్రం జతచేయాలి.

అనుమతి వస్తుందని ఫోన్‌లో ఎవరైనా భరోసా ఇచ్చినా, అది కాగితం మీద వచ్చేవరకు పాత కాలేజీలో సీటు వదులుకోకూడదు, పాత స్కాలర్‌షిప్‌ను తిరస్కరిస్తున్నట్టు ఎక్కడా నమోదు చేయకూడదు. మే 1 నాటికి జవాబు రాకపోతే, కొత్త కాలేజీ అడ్మిషన్ల కార్యాలయానికి పరిస్థితి వివరించి డిపాజిట్ గడువు కొన్ని వారాలు పొడిగించమని విద్యార్థి స్వయంగా ఈమెయిల్ రాయాలి, వచ్చిన జవాబును భద్రపరచుకోవాలి.